రాతి మాట, నోటి మాట: గిడుగు రామ్మూర్తి పంతులు గారి జీవితం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది ఒడ్డున శ్రీముఖలింగం అనే పాత ఊరు ఉంది. ఈనాడు అదొక చిన్న గ్రామమే. కాని సుమారు వెయ్యేళ్ల క్రితం కళింగ దేశాన్ని ఏలిన గంగ వంశపు రాజులకు అది రాజధాని. అక్కడి పురాతన ఆలయాల గోడల మీద, స్తంభాల మీద వందకు పైగా శాసనాలు చెక్కి ఉన్నాయి. ఆ ఊరికి దగ్గరలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న, అంటే హిజ్రీ 1280లో, వీర్రాజు గారు, వెంకమ్మ గారు అనే దంపతులకు ఒక కుమారుడు జన్మించాడు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టినరోజును ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇస్లామీయ పత్రికలో ఈ పంతులు గారి జీవితం ఎందుకు అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. జుమా రోజున తెలుగు ఖుత్బా విని, ఇంటికి వచ్చి ఇలాంటి పత్రికను పిల్లలకు చదివి వినిపించే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆలోచించాలి. ఈ వాక్యాలు మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఎందుకున్నాయి? వంద సంవత్సరాల క్రితం ఇలా రాస్తే తప్పు. బడిలో మార్కులు పోయేవి, పండితులు నవ్వేవారు. ఆ పరిస్థితిని మార్చడానికి తమ జీవితాలను ధారపోసినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు ఈయనదే. విచిత్రం ఏమిటంటే, ఆయన పని మొదలైంది మనుషుల నోటి మాటతో కాదు, పాత రాళ్లతో.

రామ్మూర్తి గారి తండ్రి పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తరువాత ఆయనకు చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి కొడుకు వయసు పన్నెండేళ్లు. తండ్రి నీడ పోయిన ఆ పిల్లవాడు బంధువుల అండతో విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చేరాడు. అక్కడ ఆయనకు తోటి విద్యార్థి గురజాడ అప్పారావు గారు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. పై చదువులకు వెళ్లే స్తోమత లేదు, కుటుంబ భారం మీద పడింది. మరుసటి ఏడాదే ముప్పై రూపాయల జీతంతో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మాస్టారుగా కుదిరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి పట్టా సంపాదించారు. ఆయన చెప్పే పాఠం చరిత్ర.

చరిత్ర పాఠం చెప్పే మాస్టారుకు తాను పుట్టిన చోటనే ఒక పెద్ద ప్రశ్న ఎదురైంది. ముఖలింగం గోడల మీద ఉన్నదేమిటి? చదివి చెప్పేవారు లేరు. పైగా గంగ రాజుల రాతలు మామూలు రాతలు కావు. వారి రాగి రేకుల్లో ఒక్కోసారి రెండు మూడు లిపుల అక్షరాలు కలగలిసి ఉంటాయి. రామ్మూర్తి గారు గురువు లేకుండా, ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చి చూసుకుంటూ ఆ లిపులను తనంతట తానే నేర్చుకున్నారు.

ఇక్కడ కాసేపు ఐరోపాకు వెళ్లిరావాలి. ఎందుకంటే రాళ్లను ఇలా చదివే పద్ధతి అక్కడ గ్రీకు, రోమన్ నాగరికతల పరిశోధనలో పదును తేలింది. రామ్మూర్తి గారు పుట్టిన ఆ 1863లోనే బెర్లిన్ నగరంలో ఒక పెద్ద గ్రంథం వెలువడింది. రోమన్ సామ్రాజ్యం నలుమూలలా రాళ్ల మీద, సమాధుల మీద, వంతెనల మీద ఉన్న లాటిన్ రాతలన్నింటినీ ఒకచోట చేర్చే మహా సంకలనంలో అది మొదటి సంపుటం. థియోడర్ మామ్‌సెన్ అనే జర్మన్ చరిత్రకారుడు దానికి సారథి. ఆయన పెట్టిన నియమం సూటిగా ఉంటుంది. ఎవరో రాసుకొచ్చిన నకలును నమ్మి ఊరుకోకూడదు, వీలైనంతవరకు రాయి దగ్గరికి వెళ్లి కళ్లతో చూసి చదవాలి. ఒక్క హదీసును స్వయంగా విని రూఢి చేసుకోవడానికి నెలల తరబడి ప్రయాణాలు చేసిన మన ముహద్దిసుల గురించి తెలిసినవారికి ఈ నియమం కొత్తగా అనిపించదు.

ఆ లాటిన్ సంకలనం పేరును అనుకరిస్తూనే భారతదేశ శాసనాలకు కూడా ఒక సంకలనం 1877లో మొదలైంది. మద్రాసు ప్రభుత్వం 1886లో శాసన పరిశోధకునిగా నియమించిన హుల్ట్‌ష్ గారు కూడా జర్మనీ దేశస్థుడే. ఆయన సంపాదకుడిగా ఉన్న కాలంలో ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటంలో పర్లాకిమిడి మాస్టారి వ్యాసం ఒకటి అచ్చయింది. అది నడగాం అనే ఊళ్లో దొరికిన రాగి రేకుల గురించి. గంగ రాజు వజ్రహస్తుడు శక సంవత్సరం 979లో, అంటే 1057 ప్రాంతంలో ఇచ్చిన దానపత్రం అది. దేశ విదేశాల ఆచార్యులు రాసే పత్రికలో ఒక మారుమూల సంస్థానపు బడిపంతులు పేరు కనిపించడం ఆ రోజుల్లో సామాన్యమైన సంగతి కాదు.

గంగ రాజుల రాజధాని కళింగనగరం ఎక్కడ ఉండేది అన్న చర్చ కూడా అప్పుడే నడుస్తోంది. శాసన శాస్త్రంలో దిగ్గజం వంటి ఫ్లీట్ దొర అది సముద్రతీరంలోని కళింగపట్నం అన్నారు. కాదు, ముఖలింగమే అన్నారు రామ్మూర్తి గారు. పండితుల్లో ఎక్కువమంది చివరకు ఆయన మాటనే ఒప్పుకున్నారు. సొంత ఊరి మీద అభిమానంతో అన్న మాట కాదది, శాసనాలు చదివి అన్న మాట.

ఈ కళింగ దేశం పేరు గ్రీకులకు, రోమన్లకు కూడా తెలుసు. మనం యునానీలు అని పిలుచుకునే గ్రీకుల జాతికి చెందిన రాయబారి మెగస్తనీసు రాతలు పూర్తిగా దొరకకపోయినా, వాటిని వాడుకున్న రోమన్ రచయిత ప్లీనీ గ్రంథం నిలిచింది. కళింగుల రాజుకు అరవై వేల కాల్బలం, వెయ్యి గుర్రాలు, ఏడు వందల ఏనుగులు ఉన్నాయని ఆయన లెక్క రాశారు. ఈ గ్రీకు, లాటిన్ రాతలను ఇంగ్లీషులోకి తెచ్చినవారు పాట్నా కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన మెక్‌క్రిండిల్ గారు. అలా మన తీరం గురించి పరాయి దేశాల వారు రాసుకున్నది మన బడి పుస్తకాల్లోకి వచ్చింది. మనవాళ్లు మన గోడల మీద రాసుకున్నది చదవడానికే మనిషి కరువయ్యాడు! వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో మొదట లోకం దృష్టికి తెచ్చింది కూడా రామ్మూర్తి గారే.

రాళ్లతో పాటు ఆయన మనుషులను కూడా చదివారు. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగు కాదు, ఒరియా కాదు, ముండా కుటుంబానికి చెందినది. దానికి అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. సంతకు వచ్చిన సవరను వ్యాపారి మోసం చేసినా, కచేరీలో అధికారి గద్దించినా తన గోడు చెప్పుకునే దారి లేదు. రామ్మూర్తి గారు తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి వారి మధ్య తిరిగారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు, సొంత డబ్బుతో బడి నడిపారు. ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. మొత్తం కృషి ఫలితంగా 1931లో సవర భాషా బోధిని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. ముప్పై రూపాయలతో జీవితం మొదలుపెట్టిన మనిషి డబ్బు విషయంలో ఇలా ఉన్నారంటే ఆయన స్వభావం మనకు అర్థమవుతుంది.

అయితే ఆ కొండల తిరుగుడుకు ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. మలేరియా పట్టుకుంది. క్వినైన్ మింగీ మింగీ చెవుల శక్తి తగ్గిపోయింది, చివరకు బాగా చెవుడు వచ్చింది. జీవితమంతా మనుషులు మాట్లాడే మాట కోసం పాటుపడిన వ్యక్తికి ఆ మాటే సరిగా వినబడకుండా పోయింది.

1907లో యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకుంటూ ఒక చిక్కులో పడ్డారు. జనం వస్తున్నాడు అంటారు, పుస్తకంలో వచ్చుచున్నాడు అని ఉంటుంది. పంతులు నోటితో ఒకటి చెప్పి బల్ల మీద మరొకటి రాస్తాడు. ఈ రెండు తెలుగులేమిటి? విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన చూపించిన ఇద్దరు మనుషులు గురజాడ, గిడుగు. ఈ నలుగురి కలయికే వాడుక భాషా ఉద్యమానికి నాంది అయింది.

రామ్మూర్తి గారు 1911లో ఉద్యోగం నుండి విరమించి పూర్తిగా ఈ పనిలోకి దిగారు. ఆయన చేతిలోని ఆయుధం ఆవేశం కాదు, ఆధారం. శాసనాల్లో, పాత చేతిరాత ప్రతుల్లో, వ్యాఖ్యానాల్లో, కైఫియతుల్లో మన పూర్వులు తమ కాలపు వాడుక మాటలే రాసుకున్నారని ఆయన ఒక్కొక్కటీ తీసి చూపించారు. గ్రాంథికమే శుద్ధమైన తెలుగు అని వాదించే పండితులు తమ సొంత రచనల్లోనే ఎన్ని చోట్ల ఆ నియమాలను తప్పారో లెక్కగట్టి పుస్తకమే వేశారు. సభలకు పుస్తకాల మూటలు మోసుకుని వెళ్లేవారు. తణుకులో జరిగిన ఒక సభలో నాలుగు గంటలు నిలబడి ప్రయోగాలు చూపించారని ప్రసిద్ధి. చదవడం వేరు, రాయడం వేరు అన్నది ఆయన పట్టు. పాత కావ్యాలను చదవాలి, అర్థం చేసుకోవాలి, కాపాడుకోవాలి. కాని ఈనాటి పిల్లవాడు ఈనాటి విషయాన్ని తన మాటలో రాసుకోగలగాలి. ఆయన పాతదాన్ని కాలదన్నాడని కొందరు చేసిన విమర్శ న్యాయమైనది కాదు. పాతదాన్ని ఆయన చదివినంతగా విమర్శకుల్లో ఎందరు చదివారు?

ఇదే పాఠాన్ని గ్రీకు, రోమన్ పరిశోధకులు కూడా అదే కాలంలో నేర్చుకోవడం గమనించదగినది. కళింగ సైన్యాన్ని లెక్కపెట్టిన ప్లీనీ గురించి ఇందాక చెప్పుకున్నాం. ఆయన క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు మరణించారు. ఆ బూడిద కిందే పాంపేయి నగరం కూరుకుపోయింది. తరువాతి కాలంలో తవ్వి చూస్తే గోడల నిండా జనం గీకిన రాతలు. దుకాణాల ప్రకటనలు, ఎన్నికల పేర్లు, తిట్లు, కబుర్లు. అందులోని లాటిన్ మహాకవుల లాటిన్ కాదు. మాట చివరి అక్షరాలు మింగి, పలికినట్టే రాసిన సామాన్యుల లాటిన్. మామ్‌సెన్ సంకలనంలో వీటికోసం ఒక సంపుటమే కేటాయించి 1871లో ప్రచురించారు. నేటి ఇటాలియన్, ఫ్రెంచి భాషలు పుట్టింది ఆ వాడుక లాటిన్ నుండే తప్ప కావ్యాల లాటిన్ నుండి కాదు.

గ్రీకు సంగతి ఇంకా ఆసక్తికరం. ఈజిప్టులోని బహ్నసా దగ్గర ఆక్స్‌ఫర్డ్ పండితులు గ్రెన్‌ఫెల్, హంట్ 1896 చివరలో పాత చెత్తకుప్పలను తవ్వడం మొదలుపెట్టారు. వేల కొద్దీ కాగితాలు, అంటే పపైరస్ ముక్కలు దొరికాయి. ఇంటి ఉత్తరాలు, అద్దె రశీదులు, అప్పు పత్రాలు. వాటిని పోల్చి చూసిన డైస్‌మాన్ అనే జర్మన్ పండితుడు, క్రైస్తవుల కొత్త నిబంధనలోని గ్రీకు ఏదో ప్రత్యేకమైన పవిత్ర భాష కాదని, ఆ కాలపు బజారులో, ఇళ్లలో మాట్లాడిన గ్రీకే అని తేల్చారు. అప్పటిదాకా దానిని విడిగా, మామూలు మనుషులది కాని భాషగా చూసేవారు.

కాని గ్రీసు దేశంలో పరిస్థితి ఎలా ఉండేదో చూడండి. ప్రాచీన ఏథెన్సు వైభవం తలకెక్కిన అక్కడి విద్యావంతులు, శుద్ధ భాష అనే పేరుతో ఒక కృత్రిమమైన గ్రీకును తయారు చేసుకున్నారు. బడిలో, కచేరీలో అదే. తల్లి ఇంట్లో పలికే గ్రీకు మోటు. అచ్చం మన గ్రాంథికం కథే! అలెగ్జాండ్రోస్ పాలిస్ అనే గ్రీకు వర్తకుడు, కొంతకాలం మన బొంబాయిలో కూడా పనిచేసినవాడు, సువార్తను వాడుక గ్రీకులోకి మార్చి 1901లో ఒక ఏథెన్సు పత్రికలో ప్రచురించడం మొదలుపెట్టాడు. విశ్వవిద్యాలయ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరులో జరిగిన అల్లర్లలో ఎనిమిది మంది చనిపోయారు. ప్రధాన మంత్రి, ప్రధాన మతగురువు ఇద్దరూ పదవులు వదులుకోవలసి వచ్చింది. రెండేళ్ల తరువాత ఒక ప్రాచీన నాటకాన్ని జనానికి అర్థమయ్యే భాషలో ఆడితే మళ్లీ గొడవలు. వాడుక గ్రీకుకు బడుల్లో, ప్రభుత్వంలో స్థిరమైన స్థానం దొరికింది 1976లోనే.

తెలుగునాట ప్రాణాలు పోలేదు గాని, పోరు తక్కువేమీ కాదు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం వాడుక భాషలో రాయవచ్చని 1912-13 ప్రాంతంలో ఉత్తర్వు వచ్చింది. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించింది. వాడుక భాష వస్తే సాహిత్యం నాశనమవుతుందన్నారు. చివరకు ఆ సదుపాయం పోయింది. రామ్మూర్తి గారు వెనక్కి తగ్గలేదు. 1913లో ఆధునిక తెలుగు గురించి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన రాశారు. 1919లో రాజమండ్రిలో వాడుక భాష కోసం ఒక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, రామ్మూర్తి గారు కార్యదర్శి. కందుకూరి వారి రచనల్లో కూడా తప్పులు చూపించిన మనిషి ఈయన. దాన్ని మనసులో పెట్టుకోకుండా ఆయనతో కలిసి నిలబడ్డ కందుకూరి వారి పెద్దమనసును మెచ్చుకోవాలి. అదే ఏడాది మే నెలలో కందుకూరి వారు కన్నుమూశారు. తెలుగు అనే మాసపత్రికను కూడా రామ్మూర్తి గారు ఒక ఏడాది పాటు నడిపారు.

ఈ కాలంలోనే మన ముస్లిం కుటుంబాలకు నేరుగా సంబంధించిన ఒక సంఘటన జరిగింది. దివ్య ఖుర్ఆన్ భావానికి తొలి సంపూర్ణ తెలుగు అనువాదం 1925లో అచ్చయింది. చేసినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ముస్లిం కాదు. అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన భాషా చరిత్రకారులు. పుట్టింది శ్రీకాకుళానికి దగ్గరలో, పొందూరు ప్రాంతంలోని ఆనందపురంలో. శాసనాలు సేకరించి చదవడం ఆయనకు కూడా ఇష్టమైన పని. మొదటి ప్రయత్నం కావడం వల్ల దానిలో పరిమితులు ఉన్నాయి. తరువాత అరబ్బీ తెలిసిన మన ఉలమా చేసిన అనువాదాలు వచ్చాయి. నమాజులో తిలావత్ అరబ్బీలోనే ఉంటుంది, అందులో మార్పు లేదు. కాని భావం తెలియాలంటే చదివేవాడి భాషే కావాలి. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి మాట్లాడే భాషతోనే పంపినట్టు సూరా ఇబ్రాహీం ప్రారంభంలో ఉన్న విషయం మనకు తెలిసిందే. ఏథెన్సు వీధుల్లో ప్రాణాలు తీసిన ప్రశ్నకు అక్కడ చాలాముందే సమాధానం ఉంది.

రామ్మూర్తి గారికి గౌరవాలు రాకపోలేదు. 1913లో రావు సాహెబ్ బిరుదు, 1934లో కైజర్-ఎ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి కళాప్రపూర్ణ. 1933లో డెబ్బయ్యో ఏట రాజమండ్రిలో అభిమానులు ఘనంగా సన్మానించి పండితుల వ్యాసాల సంపుటం సమర్పించారు. కాని ఆయనకు కష్టం కలిగించిన ఘటన తరువాత మూడేళ్లకు జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులో కలిసిపోయింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను అలా కలపడాన్ని ఆయన మొదటినుండి వ్యతిరేకించారు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని ఆ వయసులో వదిలిపెట్టి, కుటుంబంతో రాజమండ్రి చేరారు. ఆయన కుమారుడు సీతాపతి గారు సవర భాషా కృషిలో తండ్రి పనిని కొనసాగించారు.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో పత్రికల వారితో ఆయన చివరిసారిగా మాట్లాడారు. అప్పటికి కథలు, నవలలు వాడుక భాషలో వస్తున్నాయి. తాపీ ధర్మారావు గారు జనవాణి పత్రికను ఆ భాషలోనే నడిపారు. ప్రభుత్వ కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు మాత్రం ఇంకా పాత దారిలోనే ఉన్నాయి. మిగిలిపోయిన ఆ పనిని పత్రికల వారే పూర్తి చేయాలని ఆయన కోరారు. సరిగ్గా వారం తరువాత, జనవరి 22న, డెబ్బయ్యారవ ఏట రామ్మూర్తి గారు కన్నుమూశారు.